రెండో ట్రిప్పు

ఊరు గుమ్మంలో ఇరుక్కుపోయింది.

ముందు సగం బాగానే దాటింది. బస్టాండు దాటింది, సినిమా హాలు దాటింది, గడియార స్తంభం కూడా తల వంచకుండా హుందాగా వీధిలోకి వెళ్ళింది. కాలవ దగ్గరికి వచ్చేసరికి చెక్క రెండు పక్కలా కిర్రుమని ఆగింది.

"తొయ్యండి మాస్టారూ!" అని వీధిలోంచి అరిచాడు ప్రదర్శన కమిటీ కార్యదర్శి.

లోపల్నుంచి డ్రాయింగ్ మాస్టారు తోశాడు. గోడ సున్నం పెళ్ళలుగా రాలి పోస్టాఫీసు మీద పడింది.

"అయితే వెనక్కి లాగండి!"

లాగాడు. ఊరు వెనక్కీ రాలేదు.

"ఇంకేం, ఇక్కడే ఉండనివ్వండి" అంది మాస్టారి భార్య. ఆవిడ ప్రదర్శనకి తొందరగా వెళ్దామని పొద్దున్నే మంచి బట్టలు కట్టుకుని, చేతిలో సంచీతో హాలు మధ్యలో నిలబడి ఉంది. బయటికి పోవడానికి ఇంటికి ఉన్నది ఆ ఒక్క గుమ్మమే. "ఇన్నాళ్ళూ ఊరంతా మా భోజనాల బల్ల మీద కూచుంది, మేం నేల మీద కూచుని తిన్నాం. ఇవాళ్టితో పీడ విరగడవుతుందనుకున్నాను. గుమ్మంలోకి మారింది."

అది అట్టతో, అగ్గిపుల్లలతో, జిగురుతో చెక్క మీద కట్టిన ఊరు. ఊళ్ళో కళాకారులంతా కలిసి 'మన ఊరు, మన గర్వం' అని ప్రదర్శన పెడుతున్నారు. సాయంత్రమే ప్రారంభం. అందులో అన్నిటికంటే పెద్ద వస్తువు ఇదే. అసలు ఊరి ఆకారమే జామకాయలా ఉంటుంది. పైన సన్నం, కాలవ దాటాక పల్లం కాలనీ దగ్గర బొజ్జ. మాస్టారు చెక్కని రెండు ముక్కలుగా ఇంట్లోకి తెచ్చి, హాల్లోనే అతికించి, దాని మీద ఊరు కట్టాడు. టేపు పట్టుకుని ప్రతి వీధీ కొలిచాడు. ప్రతి అరుగూ కొలిచాడు. తన ఇంటి గుమ్మం వెడల్పెంతో కొలవాలని మాత్రం తోచలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈయన రచ్చంతా గెలుచుకొచ్చి ఇంటి గుమ్మంలో ఓడిపోయాడు.

"మాస్టారూ!" పై వాటాలోంచి కేక వినిపించింది. మేడ మీద పెద్దాయన. "మా ట్యాంకు జాగ్రత్త! రంగు ఇంకా ఆరలేదు!"

"అలాగేనండి!" అన్నాడు మాస్టారు.

పెద్దాయన ట్యాంకుకి రంగు వేయించుకోవడం అది మూడోసారి. అసలు ట్యాంకుకి కాదు, అట్ట ట్యాంకుకి. మాస్టారు ఊరు కడుతున్నాడని తెలిసిన దగ్గర్నుంచి ఊళ్ళోవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి తమ ఇల్లు చూసుకుని వెళ్ళేవాళ్ళు. ఊరు చూడ్డానికి వచ్చినవాడు ఒక్కడూ లేడు. ఒకాయన రెండో అంతస్తు వెయ్యమన్నాడు. అంతస్తు లేదు కదండీ అంటే, వచ్చే ఏడు వేస్తాం, ముందే పెట్టెయ్యండి అన్నాడు. ఇంకొకావిడ పక్కింటి చెట్టు తీసెయ్యమంది. నిజం చెట్టు కొట్టమంటే కోర్టుకెళ్తామంటున్నారు, కనీసం ఇక్కడైనా కొట్టెయ్యండి మాస్టారూ అంది.

అందరికీ మాస్టారు చెప్పిన జవాబు ఒక్కటే. అలాగేనండి. బళ్ళో పిల్లలు, ఊళ్ళో పెద్దలు కూడా ఆయన్ని 'అలాగే మాస్టారు' అంటారు. పెళ్ళికి కూడా అలా అని ఒప్పుకున్నవాడేనని భార్య అంటూ ఉంటుంది.

కార్యదర్శి వెంట వచ్చిన వడ్రంగి గుమ్మం చుట్టూ తిరిగి చూశాడు. చెక్క చుట్టూ తిరిగి చూశాడు. అంటే అతను తిరగ్గలిగినంత మేర.

"కొయ్యాలండి" అన్నాడు.

"ఏది? గుమ్మమా?" అన్నాడు మాస్టారు ఆశగా.

"అద్దె ఇల్లండీ!" అంది భార్య. "గుమ్మం కోస్తే ఇంటాయన వచ్చి మన పీక కోస్తాడు."

"గుమ్మం ఎందుకమ్మా!" కార్యదర్శి గడియార స్తంభం మీదుగా లోపలికి వంగాడు. "ఊరే కోద్దాం. ఇదిగో, కాలవ వెంబడి. చూడండి మాస్టారూ, ఒక్క ఇల్లు తెగదు, ఒక్క గోడ చిట్లదు. ప్రకృతే గీత గీసి పెట్టింది. పై ముక్క ఇప్పుడు పట్టుకెళ్ళిపోతాం. కింది ముక్క అడ్డంగా తిప్పితే గుమ్మం పడుతుంది, అది రెండో ట్రిప్పులో."

మాస్టారి భార్య కింది ముక్క వైపు చూసింది.

కింది ముక్క అంటే పల్లం కాలనీ. కింది ముక్క పక్కన మోకాళ్ళ మీద కూచుని, చేతిలో జిగురు కుంచెతో ఉన్నది మాస్టారి చెల్లెలు. పోయిన వానాకాలం దాకా ఆవిడ ఇల్లు అక్కడే. కాలవ పొంగిన రోజున గేటు పల్లం వైపు ఎత్తారు. అందువల్ల పై ఊళ్ళో అరుగులు కూడా తడవలేదు. పల్లంలో నీళ్ళు కిటికీల పైదాకా నిలిచాయి. గేటు ఎవరు ఎత్తమన్నారని అడిగితే అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం ఖాళీ. ఆవిడ మొగుడు తాళాలు బాగుచేసేవాడు. ఊళ్ళో ఎవరి బీరువా మొరాయించినా, ఎవరి తాళంచెవి పోయినా అతన్నే పిలిచేవాళ్ళు. తెరవని తలుపంటూ లేదని పేరు. నీళ్ళు అవతల్నుంచి నొక్కితే అతని ఇంటి తలుపు అతనికే తెరుచుకోలేదు.

ఆ రోజు ఆవిడ ఇంట్లో లేదు. ఇక్కడే, ఈ హాల్లోనే, వదినకి కిటికీ కర్టెన్లు కుడుతోంది.

"రెండో ట్రిప్పు ఎప్పుడండీ?" అంది మాస్టారి భార్య.

"మొదటి ట్రిప్పు అయ్యాకమ్మా" అన్నాడు కార్యదర్శి.

"అది తెలుస్తూనే ఉంది. ముందు రాదుగా. అయ్యాక అంటే ఎప్పుడు?"

"వ్యాను ఖాళీ అవగానే."

"వ్యాను ఎప్పుడు ఖాళీ అవుతుంది?"

"అది వ్యాను అతన్ని అడగాలి."

వ్యాను అతను వీధిలో, వ్యాను అద్దంలో చూసుకుని తల దువ్వుకుంటున్నాడు. "నాకు ఒక్క ట్రిప్పుకే చెప్పారండి" అన్నాడు దువ్వెన ఆపకుండా.

కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు. ఆయన సవరించుకుంటే గొంతు చాలాసేపు సర్దుకుంటుంది.

"దాపరికం ఎందుకమ్మా. సాయంత్రం ముఖ్య అతిథి ఎవరు? కాలవల పెద్దాఫీసరు గారు. ఎన్నిసార్లు తిరిగితే ఒప్పుకున్నారో నాకు తెలుసు. అలాంటి మనిషి కళ్ళెదురుగా పల్లం పెట్టి, ఆ పాత సంగతులన్నీ..."

"పాతవా? గోడల మీద నీటి చార ఇంకా ఆరలేదు."

"మర్యాదమ్మా, మర్యాద! పిలిచి కుర్చీ వేసినవాణ్ణి పట్టుకుని, మొన్న మావాళ్ళని ముంచారటగా అని అడుగుతామా? మనం సంసారులం." ఆయన మాస్టారి వైపు తిరిగాడు. "మీరు చెప్పండి మాస్టారూ. ఇప్పటికి పై ముక్కతో కానిచ్చేద్దామా?"

మాస్టారు భార్య వైపు చూశాడు. చెల్లెలి వైపు చూడలేదు.

"అలాగేనండి" అన్నాడు.

అనాలని అన్నది కాదు. తుమ్ములా వచ్చేసింది. తుమ్మినవాడు ఆపుకోవాల్సింది అనుకుంటాడు గానీ, అది తుమ్మేశాక.

భార్య సంచీ కింద పెట్టింది. "అలాగేనా? మీ నోటికి అడ్డూ ఆపూ లేదా? అది మీ చెల్లెలి ఇల్లండీ! మొట్టమొదట మీరు కట్టింది ఆ ఇంటినే, దాన్ని చూసేగా మిగతా ఇళ్ళకి కొలతలు పెట్టారు!"

"కొయ్యనీ వదినా" అంది చెల్లెలు.

పొద్దున్నుంచి ఆవిడ మాట్లాడిన మొదటి మాట అది.

"నువ్వూరుకో అమ్మాయ్. నేను నీ తరఫునే అరుస్తున్నా."

"నా తరఫున నేను అరుచుకుంటాలే. నువ్వు కాస్త ఊపిరి తీసుకో." చెల్లెలు కుంచె పక్కన పెట్టింది. ఆవిడ వేలు చిన్న అట్ట ఇంటి తలుపు మీద ఉంది. ఊరంతటిలోకీ తెరుచుకునే తలుపు అదొక్కటే. మిగతావన్నీ రంగుతో గీసినవి. దానికి మాత్రం మాస్టారు దారంతో మడతబందు పెట్టాడు. ఎందుకు పెట్టావని ఆవిడ అడగలేదు, ఎందుకో ఆయన చెప్పలేదు. "కోసెయ్యి అన్నయ్యా. కానీ మళ్ళీ అతికించేటప్పుడు ఇలా సమానంగా అతికించకు. కిందికి దించు."

"దించడమేమిటమ్మా?"

"మా వీధి మీ వీధికి సమానమా?"

"చెక్క కదమ్మా. చదునుగానే ఉంటుంది."

"ఊరు చదునుగా లేదుగా. మా ఇంటికి వచ్చినప్పుడల్లా కాలవగట్టు మెట్లు దిగలేక నీ మోకాళ్ళు పట్టేసేవి. మా అరుగు మీదే కూచుని మా ఆయన చేత నూనె రాయించుకునేవాడివి. ఇన్ని మేడలు పెట్టావు, ఇన్ని ట్యాంకులు పెట్టావు. ఆ మెట్లేవి?"

మాస్టారు చూశాడు. మెట్లు లేవు. పొడవు కొలిచాడు, వెడల్పు కొలిచాడు. మిద్దెలకి ఎత్తు కొలిచాడు. నేలకి ఎత్తు ఉంటుందని మర్చిపోయాడు. కాలనీవాళ్ళు కూడా వచ్చి చూసి, మా ఇల్లు మా ఇల్లని సంబరపడి వెళ్ళారే తప్ప, పైవాళ్ళ సరసన నిలబడి ఉన్నామని ఒక్కరూ కనిపెట్టలేదు. కనిపెట్టినా చెప్పి ఉండరు. ఊరికే వచ్చిన ఎత్తు ఎవరు వదులుకుంటారు.

"ఈ ఎత్తున మా ఇల్లు ఉండుంటే, ఆ రోజు నీళ్ళు మా గడప కూడా తడిపేవి కావన్నయ్యా."

వడ్రంగి రంపం గోడకి ఆనించి నేల చూపులు చూశాడు.

మొదట తేరుకున్నది కార్యదర్శే. ఆయన ముఖంలో ఏదో దీపం వెలిగింది. "దించుదాం!" అన్నాడు. "దించడానికేముందమ్మా, బ్రహ్మాండంగా దించుదాం! న్యాయమైన మాట. వ్యాను రాకపోతే నా స్కూటరు మీద తెస్తాను. నేనే దగ్గరుండి దించిస్తాను. సరేనా?"

"మాటంటే మాటేనా?" అంది చెల్లెలు.

"నా మాట ఎప్పుడైనా పోయిందా? అన్నట్టు, బల్లల మీదకి నువ్వు కుట్టిన గుడ్డ అదిరిపోయిందమ్మా. సరిగ్గా నేల దాకా వచ్చింది. బల్ల కాలు ఒక్కటి కనపడితే ఒట్టు."

వడ్రంగి రంపం అందుకున్నాడు.

*

రంపం చప్పుడు వినలేక మాస్టారు వంటింట్లోకి వచ్చాడు. భార్య అంతకుముందే అక్కడికి వచ్చి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతోంది.

"అలాగే అలాగే అని మీకు దవడలు నొప్పెట్టవా?"

"నలుగురితో గొడవెందుకని..."

"ఏ నలుగురు? వచ్చింది ముగ్గురు. అందులో ఒకడు వడ్రంగి, ఇంకొకడు వ్యాను అతను."

మాస్టారు స్టూలు మీద కూచున్నాడు. హాల్లో రంపం ఆగుతోంది, సాగుతోంది. ఆగినప్పుడల్లా చెల్లెలి గొంతు వినిపిస్తోంది. "ఇటు జరపండి. అక్కడ దీపస్తంభం ఉంది." దీపస్తంభాలు ఆవిడే గుండుసూదులతో చేసింది. పల్లంలో అసలు దీపాలు వెలిగిన రోజులు తక్కువ. ఆవిడ మాత్రం ఒక్క స్తంభం కూడా తగ్గించలేదు.

"ఆ రోజు అది నాలుగు గంటలకే బయల్దేరతానంది" అంది భార్య గోడ వైపు తిరిగి. "ఆయన ఒంటరిగా ఉంటారు వదినా, వాన ఎక్కువైతే వెళ్ళలేనంది. ఇంకొక్క కర్టెను కుట్టేసి పో అన్నాను."

ఆ మాట ఆవిడ ఇదివరకెప్పుడూ అనలేదు.

"నువ్వలా అన్నావు కాబట్టేగా అది బతికింది" అన్నాడు మాస్టారు.

"మీరు అలా అనుకుంటున్నారు. నేనూ అలాగే అనుకోవాలని చూస్తున్నాను. అది ఏమనుకుంటోందో ఎవరికి తెలుసు? మంచికో చెడుకో ఒక్కసారైనా ఆ ఊసెత్తదు. 'వదినా నీవల్లే' అని తిట్టినా బాగుండును. అది తిట్టదు. నేను రోజూ లేచి ఆ కర్టెన్లు తీస్తాను, రాత్రి మళ్ళీ వేస్తాను."

"తీసి పక్కన పడేద్దామా?"

"అది చూస్తూ ఉండగానా? ఎందుకు తీశావు వదినా అంటే ఏం చెప్పను?"

కర్టెన్లు లేత పచ్చ రంగువి. ఇంటికి వచ్చినవాళ్ళందరూ బాగున్నాయంటారు. అన్నప్పుడల్లా వదినా ఆడపడుచూ చెరో దిక్కుకి చూస్తారు.

హాల్లో చెక్క రెండుగా విడిపోయి నేలకి తగిలిన చప్పుడయింది.

భార్య చేతులు తుడుచుకుంది. "సాయంత్రం ఒకే ఒక్క మాట అనండి. వాళ్ళు ఏదడిగినా సరే, 'కాదు' అనండి. అలాగే కన్నా చిన్న మాటే. తొందరగా అయిపోతుంది."

"అంటాను."

"ఇప్పుడు అలాగే అనలేదు, చూశారా? బతికి బట్టకడతారు." ఆవిడ నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. హాల్లో చెల్లెలు కార్యదర్శితో, "జాగ్రత్తండీ, తలుపు ఊడిపోతుంది" అంటోంది.

*

టౌను హాలు నిండా గడియార స్తంభాలు.

ఊరి గొప్ప ఏమిటో బొమ్మ గీసి ఇవ్వమంటే కళాకారులందరికీ తోచింది అదొక్కటే. నూనె రంగుల్లో గడియార స్తంభం, నీటి రంగుల్లో గడియార స్తంభం, పూసలతో గడియార స్తంభం, బాటిక్ గుడ్డ మీద గడియార స్తంభం. ఒక్కోదానిలో ఒక్కో టైము. అసలు గడియారం ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి ఎవరి టైము తప్పో తేల్చే మొనగాడు లేడు. ఫొటో స్టూడియో ఆయన తన దగ్గర పాస్‌పోర్టు ఫొటోలు తీయించుకున్నవాళ్ళ ముఖాలన్నీ పెద్దవి చేసి ఒక గోడంతా అంటించి, పైన 'మన ఊరి చిరునవ్వులు' అని రాశాడు. ఒక్కడూ నవ్వడం లేదు. అందరూ తమ మీద కేసేదో పెట్టారన్నట్టు చూస్తున్నారు. ఆ ఫొటోల్లో పై వరసలో ఒకటి తాళాలాయనది. అది చూసి మాస్టారు ఆగిపోయాడు. మిగతావాళ్ళలాగే అతనూ నవ్వడం లేదు. ఎక్కడికి వెళ్దామని ఆ ఫొటో తీయించుకున్నాడో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

చెల్లెలు కూడా చూసింది. ముందుకి నడిచింది.

హాలు మధ్యలో, కలిపి వేసిన బల్లల మీద, తెల్లటి గుడ్డ మీద, ఊరు పరిచి ఉంది. జనం దాని చుట్టూ మూగి, ఎవరి ఇల్లు వాళ్ళు వెతుక్కుంటున్నారు. వచ్చే ఏడు కట్టబోయే రెండో అంతస్తు ఆయన ఆ అంతస్తుని చుట్టాలకి చూపిస్తున్నాడు. మేడ మీద పెద్దాయన తన ట్యాంకు పక్కన కాపలాగా నిలబడ్డాడు. ఊరు కాలవ దగ్గర అయిపోయింది. రంపం కోసిన అంచుకి ఎవరో నీలం రంగు పూశారు.

అంచు అవతల బల్ల ఖాళీగా ఉంది. ఖాళీ మీద ఒక పూలకుండీ పెట్టారు.

"కింది ముక్క ఏది? రెండో ట్రిప్పు రాలేదా?" అని మాస్టారు కార్యదర్శిని పట్టుకున్నాడు.

"రాకపోవడమేంటి!" కార్యదర్శి నొచ్చుకున్నాడు. "మాటంటే మాటే. నా స్కూటరు మీద, వెనక కూచుని నా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. మా పనిమనిషి కూడా అంత జాగ్రత్తగా గాజు సామాను మొయ్యదు."

"మరి ఎక్కడుంది?"

"దించమన్నారుగా."

"అవును."

"దించాం."

కార్యదర్శి కళ్ళు కిందికి దిగాయి. వాటి వెంట మాస్టారి కళ్ళూ దిగాయి. తెల్లగుడ్డ బల్ల అంచు నుంచి జారి, మడతలు మడతలుగా, సరిగ్గా నేల దాకా వచ్చింది. బల్ల కాలు ఒక్కటి కనపడటం లేదు.

"బల్ల కిందా?" అంది మాస్టారి భార్య.

"కింద అంటే కిందే కదమ్మా. మీరడిగినదానికంటే ఇంకో అడుగు ఎక్కువే దించాం. ప్రదర్శనలో ఉందా అంటే ఉంది. లేదని ఎవడనగలడు? రేపు అతిథి వెళ్ళిపోయాక పైకి తీసి..."

"రేపా?"

"లేకపోతే ఎల్లుండి."

చెల్లెలు వింటూనే ఉంది. ఆవిడ ఏడవలేదు, అరవలేదు, కార్యదర్శి వైపు చూడనైనా లేదు. బల్ల దగ్గరికి వెళ్ళి, తను కుట్టిన గుడ్డ అంచుని ఇంటి ముందు పరదా తీసినట్టు పక్కకి తీసింది. వంగింది. లోపలికి వెళ్ళింది.

గుడ్డ మళ్ళీ నేల దాకా జారింది.

"చెల్లాయ్!" మాస్టారు వంగబోయాడు.

అప్పుడే బయట కారు తలుపులు పడ్డాయి. మైకు కుయ్యిమంది. కార్యదర్శి మాస్టారి భుజం పట్టుకుని నిలువుగా లేపాడు. "తర్వాత మాస్టారూ, తర్వాత! మీరు ఊరు పక్కనే నిలబడాలి, మీకే పరిచయం!"

పెద్దాఫీసరు అంటే ఎలా ఉంటాడో అని అందరూ మెడలు చాచారు. మామూలుగానే ఉన్నాడు. బక్కపల్చగా, కళ్ళజోడుతో, తలుపు దగ్గర ఎవరి కాలో తొక్కి, క్షమించండి అనుకుంటూ వచ్చాడు. చెడ్డవాడిలా ఉంటే మాస్టారికి కొంచెం సులువుగా ఉండేది. ఆయన గడియార స్తంభాలన్నిటినీ ఓపిగ్గా చూశాడు. పాస్‌పోర్టు ముఖాలని చూశాడు. పై వరస మీదుగా ఆయన చూపు, ఎక్కడా ఆగకుండా, పక్క గోడకి వెళ్ళిపోయింది.

చివరికి ఊరి దగ్గరికి వచ్చి, కళ్ళజోడు సర్దుకుని, సంతోషంగా వంగాడు.

"బాగుందండీ! నేను రోజూ మ్యాపులో గీతలు చూస్తాను. ఇలా ఇళ్ళు ఇళ్ళుగా ఎప్పుడూ చూడలేదు. ఎవరు చేశారు?"

"మా డ్రాయింగ్ మాస్టారండీ" అన్నాడు కార్యదర్శి. "చాలా మెత్తని మనిషి."

ఆఫీసరు వేలు వీధుల వెంట గాల్లో నడిచింది. బస్టాండు, సినిమా హాలు, పెద్దాయన ట్యాంకు. చివరికి నీలం పూసిన అంచు దగ్గర ఆగింది.

"ఇది కాలవ."

"అవునండి" అన్నాడు కార్యదర్శి.

"ఆ పక్కన?"

"ఆ పక్కనేం లేదండి. పూలకుండీ."

"ఏదో ఉండాలే" అన్నాడు ఆఫీసరు, ఏదో గుర్తుచేసుకుంటున్నవాడిలా.

"లేదండి. ఊరు అక్కడితో సరి."

బల్ల కింద గుడ్డ కదిలింది. లోపల్నుంచి ఎవరి వీపో తగిలినట్టు మడత ఒకటి ఉబ్బి, మళ్ళీ సర్దుకుంది. ఆఫీసరు బూటు ముందుకి వచ్చిందల్లా వెనక్కి వెళ్ళింది.

"కింద ఎవరో ఉన్నట్టున్నారు?"

"ఎవరూ లేరండి" అన్నాడు కార్యదర్శి. చెమట పట్టింది గానీ నవ్వు చెదరలేదు. "పిల్లి అండి. ఈ హాల్లో ఎప్పుడూ ఉంటుంది. ఏం మాస్టారూ, పిల్లే కదా?"

మైకు ఆయన చేతిలోంచి మాస్టారి నోటి దగ్గరికి వచ్చింది.

హాలంతా జవాబు కోసం చూడలేదు. జవాబు అందరికీ తెలుసు. వెనక వరసలో ఒకరిద్దరు చప్పట్లకి చేతులు కూడా దగ్గరికి తెచ్చారు. మాస్టారి భార్య ఆయన మోచెయ్యి పట్టుకుని ఉంది. పట్టు బిగించనూ లేదు, వదలనూ లేదు.

మాస్టారి నోరు తెరుచుకుంది. నాలిక దాని పాత చోటికి అదే వెళ్ళిపోయింది. తుమ్ము వచ్చేముందు ముక్కులో పుట్టే జలదరింపు ఆయనకి గొంతులో పుట్టింది.

బల్ల కిందనుంచి చిన్న చప్పుడు వినిపించింది. అట్టకి అట్ట తగిలిన చప్పుడు. చాలా చిన్నది. మైకు దగ్గరగా లేకపోతే ఎవరికీ వినిపించేది కాదు. ఆ ఊరంతటిలోకీ తెరుచుకునే తలుపు అదొక్కటే.

"కాదు" అన్నాడు మాస్టారు.

మైకులోంచి ఆ మాట హాలు నాలుగు మూలలకీ వెళ్ళి తిరిగొచ్చింది. అన్నది ఎవరా అని ఆయన కూడా ఒకసారి పక్కకి చూశాడు.

"పిల్లి కాదా?" అన్నాడు ఆఫీసరు.

"మాస్టారు సరదా మనిషండి" అన్నాడు కార్యదర్శి మైకు లాక్కుంటూ.

మాస్టారు వంగాడు. మోకాళ్ళు పట్టేశాయి, కాలవగట్టు మెట్ల దగ్గర పట్టేసినట్టే. గుడ్డ అంచుని రెండు చేతులా పట్టుకున్నాడు. రెండు వరసల కుట్టు. చెల్లెలు కుట్టింది చిరగదు. గుడ్డ కింద చెల్లెలుంది. గుడ్డ మీద ఊరుంది. బస్టాండు, సినిమా హాలు, ఇంకా కట్టని రెండో అంతస్తు, అన్నీ ఆ ఒక్క గుడ్డ మీదే నిలబడి ఉన్నాయి. చెక్కకి మేకు కొట్టలేదు. చెల్లెలికి దారి ఇవ్వాలంటే అంచు కాస్త పైకి ఎత్తితే చాలు. ఆయన చేతులు మాత్రం ఎత్తడం లేదు. తన వైపు లాగుతున్నాయి.

గడియార స్తంభం కొంచెం వంగింది.

"ఏమండీ..." అంది భార్య. వద్దని అన్నదో, ఊఁ అని అన్నదో, ఆ గొంతునిబట్టి తెలీలేదు.

మేడ మీద పెద్దాయన జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "మాస్టారూ! మా ట్యాంకు! ట్యాంకు జాగ్రత్త!"

మాస్టారు అలాగేనండి అనలేదు. అంచుని పిడికిట్లోకి ఇంకో చుట్టు చుట్టుకున్నాడు.